టర్బో చల్లారాలంటే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం టర్బో గురించే. డీజిల్ బండ్లకే కాదు, చిన్న పెట్రోలు కార్లకి కూడా ఇప్పుడు టర్బో వస్తోంది కాబట్టి ఇన్ని సందేహాలు రావడం సహజమే. చిన్న విమానాల ఇంజన్లు విప్పి బిగించే హ్యాంగర్‌లో చాలా ఏళ్లు పనిచేసి, ఆ తర్వాత విజయవాడ ఆటోనగర్‌లో టర్బోలు బాగుచేసే షెడ్డు పెట్టుకున్నవాణ్ని నేను. రెండు చోట్లా చూసినదాన్ని బట్టి ముందే ఒక మాట చెబుతాను. టర్బో దానంతటది పాడవడం అరుదు. అందాల్సిన ఆయిల్ అందకపోతే పాడవుతుంది, అందిన ఆయిల్ మురికిదైతే పాడవుతుంది, గాలితో పాటు దుమ్ము లోపలికి పోతే పాడవుతుంది. వేడి కూడా ఆయిల్‌ని చెడగొట్టే దారిలోనే టర్బోని దెబ్బతీస్తుంది.

సార్, నేను డీజిల్ ఇన్నోవా నడుపుతాను. రోజూ యాత్రికులతో తిరుమల ఎక్కి దిగడమే పని. పైకి చేరాక ఐదు నిమిషాలు ఇంజన్ ఆన్‌లో ఉంచకపోతే టర్బో పోతుందని మా స్టాండులో సీనియర్లు అంటారు. డీజిల్ దండగ అని ఓనరు తిడుతున్నాడు. టర్బో టైమర్ పెట్టించమంటారా?
— ఓ ట్యాక్సీ డ్రైవర్, తిరుపతి

మీ సీనియర్ల మాటలో నిజం ఉంది. కాకపోతే అది కొండ మీద పార్కింగ్‌కి వర్తించదు. కారణం తెలిస్తే ఎక్కడ ఆగాలో, ఎక్కడ అక్కర్లేదో మీరే చెప్పగలరు.

టర్బోలో ఒక సన్నని షాఫ్ట్, దానికి రెండు చివరలా రెండు ఫ్యాన్లు ఉంటాయి. ఇంజన్ నుంచి సైలెన్సర్‌కి పోయే పొగ ఒక ఫ్యాన్‌ని తిప్పుతుంది. రెండోది గాలిని ఒత్తి ఇంజన్‌లోకి పంపుతుంది. నిండా జనంతో ఘాట్ ఎక్కుతున్నప్పుడు డీజిల్ ఇంజన్ పొగ 700 డిగ్రీల సెల్సియస్ కూడా దాటగలదు. షాఫ్ట్ నిమిషానికి లక్ష చుట్ల పైనే తిరుగుతుంది. మామూలు కారు టర్బోలో అంత వేగాన్ని మోసేది బాల్ బేరింగ్ కాదు. షాఫ్ట్ చుట్టూ చిన్న బుష్‌లు, వాటి మధ్య పల్చటి ఆయిల్ పొర, అంతే. షాఫ్ట్ ఆ పొర మీద తేలుతూ తిరుగుతుంది. అక్కడి వేడిని లాక్కుని కిందికి సంపులోకి తీసుకుపోయేది కూడా ఆ ఆయిలే.

మీరు తాళం తిప్పగానే ఆయిల్ పంపు ఆగిపోతుంది. పొగ వైపు ఉన్న పోత ఇనుము హౌసింగ్ మాత్రం ఇంకా కాలుతూనే ఉంటుంది. ఆ వేడి షాఫ్ట్ వెంట బుష్ దగ్గరికి పాకుతుంది. అందుకే ఇంజన్ ఆపాక కొద్ది నిమిషాల పాటు బుష్ దగ్గర వేడి తగ్గకపోగా పెరుగుతుంది. కదలకుండా అక్కడే నిలిచిపోయిన ఆయిల్ మాడి, మూకుడు అడుగున పట్టిన మాడులా గట్టిపడుతుంది. నా బల్ల మీదికి వచ్చే షాఫ్ట్‌ల మీద ఇది స్పష్టంగా కనబడుతుంది. పొగ వైపు బుష్ కూర్చునే చోట నల్లటి పెచ్చు కట్టి ఉంటుంది. గోటికి రాదు, బ్రష్షుకీ సులువుగా రాదు. రెండు వేళ్ల దూరంలో, గాలి వైపు బుష్ కూర్చునే చోట అదే షాఫ్ట్ శుభ్రంగా మెరుస్తూ ఉంటుంది. రెండింటికీ అందింది ఒకే ఆయిల్.

ఇక మీ కొండ సంగతి. పైకి చేరాక మీరు వెంటనే బండి ఆపరు కదా! మెల్లగా స్పీడ్ బ్రేకర్లు దాటుకుంటూ వెళ్లి, కాటేజీ దగ్గర సామాను దింపి, పార్కింగ్ కోసం వెతుక్కుంటారు. ఆ సేపంతా ఇంజన్ మీద లోడు లేదు, ఆయిల్ మాత్రం తిరుగుతూనే ఉంది. టర్బో చల్లారేది అప్పుడే. పార్కింగ్‌లో పెట్టాక అర నిమిషం చాలు. ఇంజన్ గేరులో దిగి వచ్చినప్పుడు అలిపిరిలో ఆ అర నిమిషం కూడా అక్కర్లేదు.

మీరు జాగ్రత్తపడాల్సిన చోట్లు వేరే ఉన్నాయి. ఘాట్ మధ్యలో పిల్లలకి వాంతి వస్తోందనగానే పక్కకి లాగి టక్కున ఆపేస్తారు. అక్కడ ఇంజన్ వెంటనే ఆపొద్దు, ఒకటి రెండు నిమిషాలు ఆన్‌లో ఉంచండి. హైవే మీద 100లో వస్తూ నేరుగా బంకులోకి తిప్పి ఆపేస్తారు. బంకులో ఇంజన్ ఆన్‌లో ఉంచకూడదు కాబట్టి, దానికి ముందు రెండు కిలోమీటర్లు 60లో నెమ్మదిగా రండి. అదే సరిపోతుంది. చాలా డీజిల్ బండ్ల మాన్యువల్‌లో ఎలాంటి ప్రయాణం తర్వాత ఎంతసేపు ఆన్‌లో ఉంచాలో రాసి ఉంటుంది. ఆ పేజీ మీ ఓనరుకి చూపించండి, గొడవ తీరిపోతుంది.

టర్బో టైమర్ వద్దు. తాళం తీసేశాక కూడా టైమర్ ఇంజన్‌ని తనంతట తాను నడుపుతుండటం, అదీ యాత్రికులు, పిల్లలు తిరిగే చోట, నాకు అస్సలు నచ్చదు.

మేం కొత్తగా ఒక లీటరు టర్బో పెట్రోలు కారు కొన్నాం. ఎండలో ఆఫీసు నుంచి వచ్చి ఆపేశాక కూడా బానెట్ కింద ఏదో మోటారు గుయ్యిమని కాసేపు తిరుగుతోంది. బ్యాటరీ దిగిపోతుందని మావారికి టెన్షన్. షోరూమ్‌లో అడిగితే "అన్నీ అంతే మేడమ్" అన్నారు. ఇది లోపమా?
— ఓ పాఠకురాలు, హైదరాబాద్

లోపం కాదమ్మా, అది మీ టర్బోని కాపాడుతున్న పంపు. షోరూమ్ వాళ్లు ఈ మాట విడమర్చి చెప్పి ఉండాల్సింది.

పెట్రోలు ఇంజన్ పొగ డీజిల్ పొగ కన్నా చాలా వేడి. గట్టిగా తొక్కినప్పుడు 950 డిగ్రీల దాకా పోతుంది. ఒక్క ఆయిల్‌తో దాన్ని అదుపు చేయడం కష్టమని టర్బో నడిమి భాగంలో బుష్‌ల చుట్టూ కూలెంట్ తిరిగే దారులు పెడతారు. ఇంజన్ ఆపాక కూడా కూలెంట్ కొంత కదులుతూనే ఉంటుంది. వేడెక్కింది పైకి, చల్లగా ఉన్నది కిందికి, దానంతటదే. ఆ కదలిక సరిపోని బండ్లలో కరెంటు పంపు పెడతారు. ఇంజన్ వేడిని కంప్యూటర్ చూసుకుని, అవసరమైతేనే ఆ పంపునీ, రేడియేటర్ ఫ్యాన్‌నీ కొన్ని నిమిషాలు నడిపి ఆపుతుంది. బాగున్న బ్యాటరీకి అది భారం కాదు. పొద్దున చల్లటి ఇంజన్‌తో పాలకెళ్లి వచ్చినా గంటసేపు మోగుతుంటే అప్పుడు చూపించండి.

మీరు గట్టిగా పట్టుకోవాల్సింది కూలెంట్ విషయం. తగ్గిందని ఎవరైనా బోరు నీళ్లు పోస్తానంటే ఒప్పుకోవద్దు. మన దగ్గర చాలా చోట్ల బోరు నీళ్లు చవుడు నీళ్లు. గీజరులో పట్టే తెల్లటి పొరే టర్బో లోపలి సన్నటి దారుల్లోనూ పడుతుంది. అక్కడి వేడికి ఇంకా త్వరగా పడుతుంది. మాన్యువల్‌లో రాసిన కూలెంటే పోయాలి. దారిలో వేరే గతి లేకపోతే డిస్టిల్డ్ వాటర్ పోసి, ఇంటికొచ్చాక సరిచేయించండి. ఊరికే తగ్గుతోందంటే ఎక్కడో కారుతోందని అర్థం, పోస్తూ పోవడం వైద్యం కాదు.

ఆయిల్ విషయంలో కూడా మీలాంటి వాడకమే టర్బోకి కష్టం. ఐదారు కిలోమీటర్లు వెళ్లి ఆపడం, మళ్లీ స్టార్ట్ చేయడం. ఆయిల్ పూర్తిగా వేడెక్కదు, అందులో పెట్రోలూ తేమా కలుస్తూ పోతాయి. కిలోమీటర్లు తక్కువే తిరిగింది కదా అని సర్వీసు వాయిదా వేయకండి. ఏడాది నిండితే మార్చేయండి, అదీ మాన్యువల్ చెప్పిన గ్రేడే. డబ్బా మీద "సింథటిక్" అని ఉంటే చాలదు.

మాది వరికోత మిషన్. రబీ మొదట్లో టర్బో పోయింది, కొత్తది వేశాం. నెల తిరక్కుండా అదీ ఈల వేసి, నీలం పొగ వదిలి పోయింది. మెకానిక్ "కంపెనీ మాల్ బాగాలేదు, ఇంకోటి వేద్దాం" అంటున్నాడు. సీజన్ నడుస్తోంది, ఏం చేయమంటారు?
— ఓ రైతు, మిర్యాలగూడ

అయ్యా, మూడోది వేయకముందు ఒక పూట ఆగండి. సీజన్‌లో పూట ఎంత విలువైందో నాకు తెలుసు. అయినా ఆగమంటున్నాను. మొదటిదాన్ని చంపిన కారణం మీ మిషన్‌లోనే ఉంది. అది రెండోదాన్నీ చంపింది. మూడోదాన్నీ వదలదు.

పోయిన టర్బోని పారేయకండి, అందులోనే జవాబు ఉంటుంది. ముందు గాలి వైపు ఫ్యాన్ రెక్కల అంచులు చూడండి. అంచులు అరిగి, పల్చబడి, ఇసక పేపరుతో రుద్దినట్టుంటే దుమ్ము తిన్నదని అర్థం. రెక్క ఒక చోట విరిగి, మిగతావి వంగి ఉంటే ఏదో గట్టి ముక్క లోపలికి పోయింది. రెక్కలు బాగానే ఉండి షాఫ్ట్ నీలం రంగు తిరిగి, బుష్ గీతలు పడి ఉంటే ఆయిల్ అందలేదు. షాఫ్ట్‌ని వేళ్లతో అటూ ఇటూ కదిపి చూసి "ఆట ఉంది, పోయింది" అనేస్తారు చాలామంది. ఆయిల్ పొరకి చోటు కావాలి కాబట్టి పక్కలకి కొంచెం ఆట ఉండి తీరుతుంది. ముందుకీ వెనక్కీ మాత్రం చేతికి దాదాపు తెలియకూడదు. రెక్క హౌసింగ్‌ని రాసుకున్న గుర్తు ఎక్కడా ఉండకూడదు.

వరికోత మిషన్‌లో నేను మొదట అనుమానించేది దుమ్మునే. ఫిల్టర్ నుంచి టర్బోకి పోయే రబ్బరు గొట్టం విప్పి, లోపల వేలు పెట్టి తుడిచి చూడండి. అది ఫిల్టర్ దాటిన చోటు, అక్కడ వేలికి ఏమీ అంటకూడదు. గరుకుగా మట్టి అంటిందంటే దొంగ దొరికినట్టే. గొట్టం మడత దగ్గర చీలిక ఉందేమో, క్లిప్పు వదులైందేమో, ఫిల్టర్ లోపలి సీలు సరిగ్గా కూర్చోలేదేమో చూడండి. ఫిల్టర్‌కి ఎదురుగా పంక్చర్ షాపు గాలి గొట్టం పెట్టి ఫుల్ ప్రెషర్‌తో కొడతారు. దానికి కాగితం కంటికి కనబడనంత సన్నగా చిరుగుతుంది. దులపాలంటే తక్కువ గాలితో లోపల నుంచి బయటికి కొట్టాలి. కోతల్లో మార్చేయడమే మేలు.

తర్వాత ఆయిల్ దారి. టర్బోకి ఆయిల్ తెచ్చే సన్నటి పైపు లోపల కార్బన్ కట్టి సగం మూసుకుపోయి ఉంటుంది. దాన్ని కడిగి తిరిగి వాడటం కన్నా కొత్తది వేయడం నయం. టర్బో ధరలో అది ఎంత? ఆ పైపు బోల్టులో చిన్న జాలీ ఉండే మోడలైతే దాన్ని తప్పకుండా చూడండి. పైపు బిగించే చోట సిలికాన్ పేస్టు పూయనివ్వకండి. లోపలికి ఉబ్బిన పేస్టు ముక్క తెగి నేరుగా బుష్ రంధ్రంలో కూర్చుంటుంది. కొత్త టర్బో కొద్ది గంటల్లో పోయిన కేసుల్లో నాకు ఆ ముక్కలు దొరికాయి. అక్కడ గ్యాస్కెట్ మాత్రమే ఉండాలి.

నీలం పొగ గురించి కూడా చెప్పాలి. అది చూడగానే "సీలు పోయింది" అంటారు. టర్బో నుంచి ఆయిల్ కిందికి దిగే గొట్టంలో పంపు ఏమీ ఉండదు, ఆయిల్ తన బరువుతోనే దిగాలి. ఆ గొట్టం వంగినా, లోపల మూసుకుపోయినా, ఇంజన్ లోపలి ఆవిరిని బయటికి వదిలే బ్రీదర్ మూసుకుపోయి లోపల ఒత్తిడి పెరిగినా, దిగలేని ఆయిల్ రెండు వైపులా బయటికి తోసుకొస్తుంది. టర్బో బాగానే ఉంటుంది, నింద దానిమీద పడుతుంది. బ్రీదర్ చూడకుండా టర్బో విప్పే మెకానిక్‌ని ఆపండి.

పాత ఫ్యాన్ ముక్కలు విరిగి ఉంటే, టర్బో ఒత్తిన గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్‌, గొట్టాలు విప్పి కడగాలి. ఇవన్నీ అయ్యాక ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ కొత్తవి వేసి, టర్బో ఆయిల్ రంధ్రంలో శుభ్రమైన ఆయిల్ పోసి చేత్తో షాఫ్ట్ తిప్పండి. డీజిల్ కట్ చేసి, ఆయిల్ ప్రెషర్ వచ్చేదాకా సెల్ఫ్ కొట్టించండి. స్టార్ట్ అయ్యాక రెండు మూడు నిమిషాలు స్లోలోనే ఉంచాలి. బిగించగానే యాక్సిలరేటర్ తొక్కి "పికప్ చూద్దాం" అనే అలవాటు మా ఆటోనగర్‌లోనూ ఉంది. పొడి బుష్‌ల మీద లక్ష చుట్లు తిప్పితే ఆ టర్బో ఆ రోజే దెబ్బతింటుంది.

సార్, నేను అమెరికాలో ఫ్లయింగ్ నేర్చుకుంటున్నాను. ఇప్పుడు టర్బో ఉన్న సింగిల్ ఇంజన్ విమానం మీద ఉన్నాను. దిగాక ఐదు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఆపమని ఒక ఇన్‌స్ట్రక్టర్, అక్కర్లేదని మరొకరు. ఎవరి మాట వినాలి?
— ఓ తెలుగు విద్యార్థి, అరిజోనా

బాబూ, మొదట విమానం హ్యాండ్‌బుక్ మాట వినాలి. అందులో ఇంతసేపు అని ఉంటే అంతసేపు. అందులో లేకపోతే ఆలోచించాల్సింది టర్బో అప్పటికి ఎంత వేడిగా ఉందన్నది.

విమానానికీ టర్బోకీ ఉన్న చుట్టరికం పాతది. స్విస్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బుషి 1905లో ఈ ఆలోచనకి పేటెంట్ తీసుకున్నాడు. 1918లో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీరు శాన్‌ఫర్డ్ మాస్ ఒక లిబర్టీ విమాన ఇంజన్‌ని అమెరికాలోని పైక్స్ పీక్ కొండ మీదికి, 14,000 అడుగుల ఎత్తుకి మోయించి, అక్కడి పల్చటి గాలిలో కూడా టర్బోతో నేల మీది శక్తి రాబట్టి చూపించాడు. మన వైమానిక దళం 1968 దాకా నడిపిన లిబరేటర్ బాంబర్లలోనూ టర్బోలే. 18,000 అడుగుల దగ్గర గాలి ఒత్తిడి నేల మీది దాంట్లో సగం. ఆ లోటు తీర్చడానికి టర్బో అక్కడ ఎడతెగకుండా పనిచేస్తుంది. కారు టర్బోకి ఘాట్ అరగంట. విమానం టర్బోకి క్రూయిజ్ అంతా ఘాటే. పైగా మీ విమానాల టర్బోలకి మామూలుగా కూలెంట్ ఉండదు, చల్లార్చేది ఆయిలూ, కౌలింగ్ (ఇంజన్ మీది మూత) లోపలి గాలీ. పైకి పోయేకొద్దీ ఆ గాలీ పల్చబడుతుంది.

అందుకే మీ ప్యానెల్ మీద టీఐటీ మీటరు ఉంది. టర్బో ఫ్యాన్‌ని తాకబోయే పొగ ఎంత వేడిగా ఉందో చూపేది అదే. ఇంజన్‌ని బట్టి దాని మీద దాటకూడని గీత 1,650 లేదా 1,750 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఉంటుంది, అంటే సుమారు 900 నుంచి 955 సెల్సియస్. మిక్స్చర్ (గాలిలో కలిసే ఇంధనం పాలు) తగ్గించేటప్పుడు కన్ను దాని మీద ఉండాలి. గీత దాటించి అలా వదిలేసే అలవాటు టర్బోని తినేసినంతగా ల్యాండింగ్ తర్వాతి రెండు నిమిషాలు తినవు.

ఇప్పుడు మీ ప్రశ్న. మామూలు డిసెంట్‌లో పవర్ క్రమంగా తగ్గిస్తూ వస్తారు, అప్రోచ్‌లో ఇంకా తగ్గుతుంది. చక్రాలు నేలని తాకే సరికి టర్బో చాలా వరకు చల్లారి ఉంటుంది. ఆపైన పొడుగాటి టాక్సీ (పార్కింగ్ దాకా నేల మీద నడపడం) ఉంటే, పవర్ ఎక్కువ వాడకుండా వచ్చి ఉంటే, ఇంక విడిగా ఐదు నిమిషాలు నిలబడక్కర్లేదని నేనూ అంటాను. కానీ గో-అరౌండ్ (దిగబోయి మళ్లీ పైకి లేవడం) చేసి వెంటనే దిగినా, టాక్సీ మరీ చిన్నదైనా, ఎత్తు రోడ్డు మీద పవర్ పెట్టి పార్కింగ్‌కి వచ్చినా మొదటి ఇన్‌స్ట్రక్టర్ మాటే వినండి. ఇద్దరూ వేర్వేరు పరిస్థితులు మనసులో పెట్టుకుని మాట్లాడుతున్నారని నా ఊహ.

ఉదయం మొదటి టేకాఫ్ ముందు మాత్రం తొందర వద్దు. టర్బో ఫ్యాన్‌కి పోయే పొగని కొంత పక్కకి మళ్లించే వేస్ట్‌గేట్‌ని చాలా ఇంజన్లలో ఆయిల్ ప్రెషరే కదుపుతుంది. చల్లటి చిక్కటి ఆయిల్‌తో అది ఆలస్యంగా స్పందిస్తుంది, థ్రాటిల్ ఒక్కసారి నెడితే మ్యానిఫోల్డ్ ప్రెషర్ (ఇంజన్‌లోకి పోయే గాలి ఒత్తిడి) ఎర్ర గీత దాటేస్తుంది. ఆయిల్ వేడెక్కనివ్వాలి, థ్రాటిల్ మెల్లగా నెట్టాలి.

ఇంకొక్కటి. ఇది అన్నిటికన్నా ముఖ్యం. టర్బోకి పొగ గొట్టాన్ని పట్టి ఉంచే వీ-బ్యాండ్ క్లాంప్ ఉంటుంది. అది పగిలితే మండే పొగ ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ) మీదికి, ఇంధనం గొట్టాల మీదికి కొడుతుంది. ప్రాణాలు పోయిన ప్రమాదాలున్నాయి. 2023లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ స్పాట్ వెల్డింగ్ రకం క్లాంపులకి 500 గంటల గడువు పెట్టింది. మీ విమానానికి అది ఎప్పుడు మార్చారో లాగ్‌బుక్‌లో చూడండి. కనబడకపోతే మెకానిక్‌ని అడగండి. విద్యార్థినని మొహమాటపడకండి.

పాత లారీ డ్రైవర్లు ఆపేముందు ఒకసారి గట్టిగా రేజ్ చేసి ఆపుతారు. మంచిదేనా? — ఓ పాఠకుడు, అనంతపురం

టర్బో బండిలో ఎప్పుడూ చేయకూడదు. రేజ్ చేస్తే షాఫ్ట్ వేగం అందుకుంటుంది, ఆ వేగంలో ఉండగానే ఆయిల్ ఆగిపోతుంది. బుష్‌ల మీద అంతకన్నా కష్టం ఇంకోటి లేదు.

ఇంటర్‌కూలర్ గొట్టం విప్పితే లోపల ఆయిల్ తడి ఉంది. టర్బో పోయినట్టేనా? — ఓ పాఠకుడు, కరీంనగర్

తడి మాత్రమే ఉంటే కంగారు లేదు, బ్రీదర్ ఆవిరితో అంత వస్తుంది. వంచితే ధారగా కారేంత ఉంటే చూపించండి. ఆయిల్ లెవెల్ వారానికోసారి చూస్తూ ఉండండి.

మా వీధిలో ఒక డీజిల్ జీపు తాళం తీసేసినా ఆగకుండా, తెల్లటి పొగతో అరుస్తూ తిరిగింది. అలాంటప్పుడు ఏం చేయాలి? — ఓ పాఠకురాలు, రాజమండ్రి

టర్బో సీలు పోయి ఇంజన్ తన ఆయిల్‌నే ఇంధనంగా తాగేస్తే అలా జరుగుతుంది. తాళం ఆపేది డీజిల్‌ని, ఆయిల్‌ని కాదు, అందుకే ఆగదు. మాన్యువల్ గేర్ బండైతే బ్రేకు గట్టిగా తొక్కి పట్టి, టాప్ గేర్ వేసి, క్లచ్ ఒక్కసారిగా వదిలేయాలి. ఇంజన్ గొంతు నొక్కినట్టు ఆగిపోతుంది. ఆటోమేటిక్ అయితే గాలి లోపలికి పోయే దారిని చెక్కతోనో, మందపాటి అట్టతోనో మూయాలి. చెయ్యి అడ్డం పెట్టకూడదు, గుడ్డ కూడా వద్దు, దాన్ని లోపలికి లాక్కుంటుంది. సీఓ2 ఆర్పే సిలిండర్ ఉంటే ఆ గాలి దారిలోకి కొట్టొచ్చు. ఇవేవీ కుదరకపోతే అందరినీ దూరంగా పంపేయండి, ఇంజన్ పక్కన ఎవరూ నిలబడొద్దు. ఆగాక మళ్లీ స్టార్ట్ చేసి చూడకండి. ఇంటర్‌కూలర్‌లో చేరిన ఆయిల్ అంతా వంచేసి, గొట్టాలు కడిగేదాకా ఆ ఇంజన్ మళ్లీ అలాగే పరుగెత్తే ప్రమాదం ఉంది. బండిని లాగించుకునే షెడ్డుకి తీసుకెళ్లండి.